తలుపు వంతు

వెల్డర్ పడిపోయినప్పుడు తలుపు పిడి అతని చేతిలోనే ఉంది.

మూడో పెట్టెలో ఉన్న అందరం చూశాం. బండి వంతెన దాటి మలుపు తిరిగింది. పెట్టె ఒక పక్కకి ఒరిగి, కిక్కిరిసిన జనం బరువంతా తలుపు వైపు వాలింది. పిడి మరమేకులతో సహా ఊడొచ్చింది, తలుపు జారిపోయింది. అతని నీలం చొక్కా ఒక్క క్షణం కనిపించి మాయమైంది. ఎవరో గొలుసు లాగారు. బండి ఆగలేదు. మళ్ళీ లాగితే గొలుసు తెగి చేతికొచ్చింది. తర్వాతి స్టేషన్ దాకా తెరిచిన తలుపుతోనే పోయాం. అతని భార్య మా మధ్యనే ఉంది. ఆ ఖాళీ వైపు చెయ్యి చాచి అలాగే నిలబడింది. దూకేస్తుందేమోనని నేను ఆమె నడుం గట్టిగా పట్టుకున్నాను.

ఆ బండి ఎక్కని వాళ్ళకి ఇదంతా అర్థం కావాలంటే మా తలుపుల సంగతి చెప్పాలి. మా లైనుని సర్కారు ఒక కంపెనీకి అప్పజెప్పి చేతులు దులుపుకుంది. కంపెనీ వచ్చీ రాగానే పెట్టెలకి పచ్చ రంగు పూసింది, ప్రతి స్టేషన్‌లో లౌడ్‌స్పీకర్లు పెట్టించింది, తన నియమాలు ఇవీ అని గోడల నిండా రాయించింది. రంగు కింద పెట్టెలు మాత్రం పాతవే. సీట్లు చిరిగితే గోనెపట్టాలు పరుచుకున్నాం. కప్పు కారితే పెట్టెలోనే గొడుగులు వేసుకున్నాం. పక్కకి జారే ఆ తలుపుల గొళ్ళేలు ఒక్కొక్కటే అరిగి ఊడిపోతే, వంతులు వేసుకున్నాం.

వంతు అంటే ఇదీ. బండి కదిలే ముందు ఒక మనిషి తలుపు మూసి, పిడిని రెండు చేతులా బిగించి పట్టుకుని, ఒక కాలు చట్రానికి తన్నిపెట్టి నిలబడాలి. తర్వాతి స్టేషన్‌లో ఇంకొకరు అందుకుంటారు. ముసలివాళ్ళకీ కడుపుతో ఉన్నవాళ్ళకీ వంతు లేదు. మిగతా అందరికీ ఉంది, నాలాంటి కుట్టుమిషన్ ఆడవాళ్ళతో సహా. ఈ ఏర్పాటు చేసినవాడు ప్లంబర్ మేస్త్రి. వంతు ఎగ్గొట్టిన వాణ్ణి మేస్త్రి ఒక్క చూపు చూస్తే చాలు, మర్నాడు వాడే ముందుకొచ్చేవాడు. గార్డు ప్లాట్‌ఫాం మీద నడుస్తూ ప్రతి పెట్టె దగ్గరా "పట్టుకున్నారా?" అని అడిగేవాడు. "పట్టుకున్నాం" అనేవాళ్ళం. అప్పుడు పచ్చజెండా ఊపేవాడు. తలుపులన్నీ మూసి ఉంటేనే బండి కదలాలన్నది కంపెనీ గోడ మీద రాయించిన మొదటి నియమం.

ఆ వంతులంటే మాకు చెప్పలేనంత గర్వం. ఇంత ఐకమత్యం ఇంకే బండిలో ఉందని జబ్బలు చరుచుకునేవాళ్ళం. కంపెనీ చెయ్యాల్సిన పని మా రెక్కలతో ఊరికే చేసిపెడుతున్నామని ఒక్క బుర్రకీ తట్టలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

వెల్డర్ తన వంతుతో పాటు అలిసిపోయిన వాళ్ళ వంతు కూడా తీసుకునేవాడు. అతని భార్య మా ఫ్యాక్టరీలోనే, నా పక్క బల్ల మీద బొత్తాలు కుడుతుంది. మొగుడు తనకంటే ఎక్కువసేపు ఆ తలుపునే పట్టుకుని ఉంటాడని దానికి సవతి అని పేరు పెట్టింది. "ఏమ్మా, మీ సవతి కులాసాయేనా?" అని పెట్టెంతా ఆమెని ఆటపట్టించేది. ఆ రోజు అతను పట్టుకున్నది కూడా తన వంతు కాదు, జ్వరంతో వచ్చిన ఒక కూలీ వంతు.

అతన్ని కాటికి సాగనంపి మేం మళ్ళీ స్టేషన్‌కి వచ్చేసరికి లౌడ్‌స్పీకర్ కొత్త మాట నేర్చుకుంది. తేనె పూసినట్టుండే ఆడగొంతు. "ప్రయాణికులకు మనవి. తలుపు దగ్గర ఆటలాడుతూ ఒక ప్రయాణికుడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. దయచేసి తలుపుల దగ్గర ఆటలాడకండి. మీ క్షేమమే మా ఆనందం." బండి వచ్చే ముందు ఒకసారి, పోయాక ఒకసారి. బండి లేనప్పుడు కూడా, ఖాళీ ప్లాట్‌ఫాం మీద ఆ గొంతు తనలో తను మాట్లాడుకుంటూ ఉండేది.

వెల్డర్ భార్య పనిలోకి వచ్చిన మొదటి రోజు ఆ గొంతు విని స్టేషన్ మెట్ల మీదే కూలబడింది. నేను పక్కన కూర్చున్నాను.

"అక్కా, వాళ్ళు నాకేమిచ్చినా ఇవ్వకపోయినా సరే," అంది. "ఆ మాట వెనక్కి తీసుకోవాలి. నా కూతురు ఈ స్టేషన్ మీదుగానే బడికెళ్తుంది. వాళ్ళ నాన్న ఆటలాడి చచ్చాడని ఆ పిల్ల రోజూ వినాలా?"

ఆమెకి కావలసింది అదొక్కటే. పట్టుకున్నాడు అని చెప్పాలి. అందరి కోసం పట్టుకుని చచ్చిపోయాడని చెప్పాలి.

మేస్త్రి మమ్మల్ని వెంటబెట్టుకుని స్టేషన్ ఆఫీసుకి వెళ్ళాడు. గొళ్ళేలు లేవని, తలుపులు నిలవవని చెప్పాం. తనిఖీకి వస్తామన్నారు. చెప్పినట్టే వచ్చారు. తెల్ల చొక్కాల వాళ్ళు నలుగురు, వాళ్ళకి దారి చెయ్యడానికి గార్డు. అప్పటికి తలుపుకి కొత్త పిడి బిగించారు, మెరుస్తోంది. గొళ్ళెం మాత్రం బిగించలేదు. నడుస్తున్న బండిలో తలుపు తెరుచుకుంటుందో లేదో చూస్తామని పెద్ద అధికారి పెట్టె మధ్యలో నిలబడ్డాడు. మేమూ ఊపిరి బిగబట్టి చూశాం. వంతెన వచ్చింది. మలుపు వచ్చింది. పెట్టె ఒరిగింది. తలుపు కదల్లేదు. అధికారి తల ఊపి, తలుపు నిక్షేపంగా ఉందని పక్కవాడితో రాయించి, తర్వాతి స్టేషన్‌లో దిగిపోయాడు.

మాకు మతిపోయింది. మనుషుల్ని మింగే తలుపు ఆ రోజు ఎందుకు బుద్ధిగా ఉందో అర్థం కాలేదు. అప్పుడు వెల్డర్ భార్య జనాన్ని తోసుకుంటూ మేస్త్రి దగ్గరికి వచ్చింది. ఆమె గొంతు పెంచలేదు.

"బాబాయ్, మీ చెయ్యి ఎక్కడుంది?"

మేస్త్రి కిందికి చూసుకున్నాడు. రెండు చేతులూ పిడి మీదున్నాయి. కాలు చట్రానికి తన్నిపెట్టి ఉంది. ఆ రోజు మొదటి వంతు ఆయనది. బండి కదలగానే అలవాటుగా పట్టుకున్నాడు. చుట్టూ ఉన్న మాలో ఒక్కరికి కూడా అది తప్పుగా కనపడలేదు. ఆ తెల్ల చొక్కాల వాళ్ళు చూశారో, చూసీ చూడనట్టు ఊరుకున్నారో వాళ్ళకే తెలియాలి. మేస్త్రి మొహం నల్లబడిపోయింది.

ఆ తర్వాత మా బండిలోకి కొత్త మొహాలు రావడం మొదలైంది. ఏ పనికీ వెళ్ళేవాళ్ళలా లేరు. చేతిలో సంచీ ఉండదు, క్యారేజీ ఉండదు. ఊరికే నిలబడి ఫోన్ ఎత్తి మా మొహాల వైపు తిప్పేవాళ్ళు. మేం మాట్లాడుకుంటుంటే దగ్గరికి జరిగేవాళ్ళు. లైను నష్టాల్లో ఉందని, గొడవలు చేస్తే బండే తీసేస్తారని ఎక్కడినుంచో మాట పుట్టి, పెట్టెలన్నిటికీ పాకింది. బండి పోతే పని పోతుంది, పని పోతే పొయ్యి వెలగదు. పలకరించుకునేవాళ్ళు కూడా తలలు దించుకుని కూర్చోసాగారు.

సరిగ్గా అప్పుడే కంపెనీ ప్రయాణికుల అభిప్రాయాల సభ పెట్టింది. జంక్షన్‌లో చల్లటి హాలు, తొడుగులు వేసిన కుర్చీలు, గోడ మీద ఇంకా రాని కొత్త పెట్టెల బొమ్మలు. మా బండి గురించి ఏమనుకుంటున్నారో ఫోన్‌లో నక్షత్రాలు నొక్కి చెప్పమన్నారు. ఒక నక్షత్రం అంటే బాగాలేదు, అయిదు అంటే చాలా బాగుంది. మా పెట్టెలోనే వచ్చే, డిప్లొమా చదివే అమ్మాయి లేచి, చచ్చిపోయినవాడి అభిప్రాయం కూడా తీసుకుంటారా అని అడిగింది. కొందరు నవ్వబోయి, గోడల పక్కన నిలబడ్డ ఫోన్ల వాళ్ళని చూసి ఆగిపోయారు.

అధికారి చాలా మర్యాదగా మాట్లాడాడు. జరిగినదానికి కంపెనీ చింతిస్తోందన్నాడు. తలుపులో లోపం లేదని తనిఖీలో తేలిందన్నాడు. మూడో పెట్టె వాళ్ళు సహకరిస్తే కొత్త పెట్టెలు వస్తాయన్నాడు, లేకపోతే ఉన్నవి కూడా ఉంటాయని తను హామీ ఇవ్వలేనన్నాడు. వెల్డర్ భార్య లేచి, లౌడ్‌స్పీకర్‌లో ఆ మాట తీసెయ్యమంది, మా ఆయన ఆటలాడలేదు, పట్టుకున్నాడు అంది. అంతమంది చూసినవాళ్ళం, ఒక్కరం కూడా నోరు విప్పలేదు. ఆమె మా వైపు తిరిగి ఒక్కొక్కరినీ చూసింది. ఆ చూపు తట్టుకోలేక మేస్త్రి లేచాడు.

"తనిఖీ రోజు తలుపు పట్టుకున్నది నేను," అన్నాడు. "నా చేతులే. ఆ తలుపుకి గొళ్ళెం మేమేనయ్యా."

అధికారి మొహంలో మర్యాద చెక్కుచెదరలేదు. "అంటే, కంపెనీ తలుపుల్ని మీరు ప్రయాణికుల చేత పట్టిస్తున్నారన్నమాట. ఆ రోజు అతనిచేత పట్టించింది కూడా మీరేనా?"

అధికారి పక్కవాడు ఏదో రాసుకున్నాడు. సభ అయిపోయిందన్నారు. ద్వారం దగ్గర అందరికీ టీ ఇచ్చారు.

బయట మా వాళ్ళు మేస్త్రి మీద విరుచుకుపడ్డారు. ఇప్పుడు చావు నీ మెడకే చుట్టారు, మమ్మల్ని కూడా లాగుతారు అన్నారు. వంతులు మానేద్దాం అని ఒకరు, మానేస్తే ఇంకొకరు పడిపోతారు అని ఒకరు. వెల్డర్ భార్య అందరినీ అరవనిచ్చి, ఆఖరికి అంది:

"ఎవరూ పడరు. బండి కదిలితేనే కదా పడేది. మనం పట్టుకుంటేనే కదా బండి కదిలేది. వాళ్ళ గోడ మీద వాళ్ళే రాసుకున్నారు."

అందరం ఆగిపోయాం. ఇన్నాళ్ళూ ఆ నియమాన్ని రోజూ చదువుతూనే ఉన్నాం. పనులు పోతాయని మేస్త్రి గొణిగాడు. పోతాయి, అంది ఆమె. నాకు ఇంకా పోయేదేముంది అని మాత్రం అనలేదు. అని ఉంటే మేం సిగ్గుతో చచ్చేవాళ్ళం. మాట పెట్టె పెట్టెకీ, స్టేషన్ స్టేషన్‌కీ చెవిలోంచి చెవిలోకి పోయింది. డిప్లొమా అమ్మాయి స్నేహితులు మిగతా బండ్ల వాళ్ళకి చెప్పారు.

అనుకున్న ఉదయం వచ్చింది. ప్లాట్‌ఫాం మీద రోజూ ఉండే గోల లేదు. ఎక్కేముందు మేస్త్రి తన భుజం మీది తువ్వాలు తీసి వెల్డర్ భార్యకి ఇచ్చాడు.

"నా చేతుల మీద నాకు నమ్మకం లేదమ్మా. కట్టెయ్."

ఆమె కట్టింది. నాకు ఏడుపొచ్చింది.

గార్డు పెట్టెల పక్కన నడుస్తూ వచ్చాడు. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. లోపల అందరం చేతులు కట్టుకుని నిలబడ్డాం. "పట్టుకున్నారా?" అన్నాడు అలవాటుగా. ఎవరూ పలకలేదు. మళ్ళీ అడిగాడు. మొదటిసారి మా మొహాల్లోకి చూశాడు. తర్వాత జెండా చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

ఎండ ఎక్కింది. అధికారి కారు దిగాడు, వెనకే పోలీసులు దిగారు. ఫోన్ల వాళ్ళు మేస్త్రినీ వెల్డర్ భార్యనీ వేలు పెట్టి చూపించారు. చావుకి కారకుడని మేస్త్రిని, బండి ఆపించిందని ఆమెని అదుపులోకి తీసుకుంటున్నామన్నారు. బేడీలు తెచ్చిన పోలీసుకి మేస్త్రి తువ్వాలు కట్టిన చేతులు చాపాడు. "మీకు శ్రమ లేకుండా చేశాంలే," అన్నాడు. అధికారి కానిస్టేబుళ్ళని పెట్టెల్లోకి ఎక్కి తలుపులు పట్టుకోమని, గార్డుని జెండా ఊపమని చెప్పాడు. కానిస్టేబుళ్ళు ఆ తలుపుల్ని, కింద కంకరని చూసి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ ఎక్కలేదు. గార్డు గోడ మీది మొదటి నియమాన్ని చిన్నపిల్లాడిలా పైకి చదివాడు, జెండా చంకలోంచి తియ్యలేదు. రేపు అతని ఉద్యోగం ఉండదని అతనికీ తెలుసు, మాకూ తెలుసు.

వాళ్ళిద్దరినీ వ్యాన్ వైపు నడిపిస్తుంటే మేం దిగి వెంట నడిచాం. లాఠీలు అడ్డం పెట్టారు. అదే సమయానికి లౌడ్‌స్పీకర్ గరగరలాడింది. దానికి మా సంగతి ఏం తెలుసు, దాని పని అది చేసుకుపోతుంది.

"ప్రయాణికులకు మనవి. తలుపు దగ్గర ఆటలాడుతూ ఒక ప్రయాణికుడు..."

"పట్టుకున్నాడు," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పక్కనున్న కూలీ అన్నాడు. డిప్లొమా అమ్మాయి అంది. తర్వాత ప్లాట్‌ఫాం అంతా ఒకే గొంతుతో, రోజూ గార్డుకి జవాబు చెప్పినట్టే చెప్పింది. పట్టుకున్నాడు. తేనె గొంతు మిగతా మాటలు చెప్పిందో లేదో ఎవరికీ వినపడలేదు. అది మళ్ళీ మొదలుపెట్టింది, మేమూ మళ్ళీ మొదలుపెట్టాం. వెనక స్టేషన్లో కూడా బండి తలుపులు తెరుచుకుని నిలబడిపోయిందని ఎవరో ఫోన్ చూసి చెప్పారు. ఆ వెనకది కూడా.

వ్యాన్ వెనక తలుపు సరిగా పడలేదు. రెండుసార్లు కొట్టినా పడలేదు. చివరికి ఒక కుర్ర కానిస్టేబుల్ లోపలికెక్కి, దాన్ని లాగి, చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఆ సందులోంచి వెల్డర్ భార్య అతని చేతి వైపు చూడటం నేను చూశాను.

"ఇవాళ వంతు నీదా, తమ్ముడూ?" అంది.

వ్యాన్ కదిలింది. వీధి మలుపు దగ్గర ఒరిగినప్పుడు, ఆ తలుపు ఒక్కసారి తెరుచుకుని మళ్ళీ పడింది.