పేరు పలకని జామీను

నాలుగు రోజులుగా ఆగ్నేయపు గాలి ఆగలేదు. బాడు దీవి నుంచి పడవ బయల్దేరలేదు, చిన్న విమానంలో సీటు లేదు. అందుకే ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన, టోరెస్ జలసంధిలోని ఆ చిన్న కోర్టులో మొదటిసారిగా ఒక క్రిమినల్ కేసు జామీను పత్రం మీద సంతకం కంప్యూటర్లో పడబోతోంది. ఇరవయ్యారేళ్లుగా అక్కడ గుమాస్తాగా ఉన్న రోవీనాకు అదెలా ఉంటుందో చూడాలని ఉదయం నుంచీ ఒకటే ఆత్రం.

లోపలి గదిలో ఉన్న ఎనోస్‌కు మాత్రం అది ప్రాణం మీదికొచ్చిన పని. గాలి వల్ల బాడు నుంచి వాయిదాకు రాలేక వారెంటు మీద పట్టుబడ్డాడు; పోలీసులే తమ విమానంలో ఇక్కడికి తెచ్చారు. నాలుగింటిలోగా జామీను దాఖలు కాకపోతే రేపటి విమానంలో జైలుకే. శనివారం అతని మామగారి సమాధి రాయి మీద గుడ్డ తొలగించే వేడుక. ఆ గుడ్డ తీయవలసింది అల్లుడే.

మూడుంబావుకు, అతనికి జామీను ఇస్తున్న అత్తగారు కెటూరా బాడు నుంచి కంప్యూటర్ తెర మీదికొచ్చింది. దీవి నర్సు ట్యాబ్ పట్టుకుంది.

"కాగితం పైకి చదువు పెద్దమ్మా," అంది రోవీనా.

కెటూరా తన పేరు చదివింది, ఊరు చదివింది. 'ఎవరి కోసం' అన్న గడి దగ్గర ఆగిపోయింది.

"నెట్ పోయినట్టుంది," అన్నాడు ఎనోస్ లాయరు గారెత్.

రోవీనా ముందుకు వంగింది. కెటూరా వెనక కిటికీ పరదా గాలికి ఎగురుతూనే ఉంది; నెట్ పోలేదు.

"మనసు మార్చుకుందేమో?"

"ఉండు గారెత్ బాబూ. తప్పు నాదే. మా దీవుల్లో అత్త నోట అల్లుడి పేరు ఎలా వస్తుంది?"

ఇన్నేళ్లూ కాగితం ఎవరినీ నోరు తెరవమనలేదు. పేరు కింద వేలు పెట్టి చూసుకునేవాళ్లు, సంతకం చేసేవాళ్లు. ఎంతమంది అత్తలు తన బల్ల ముందు అలా గట్టెక్కారో! రోవీనా కొత్త నిబంధన మళ్లీ చదివింది. ఎవరి కోసమో గుమాస్తాకు స్పష్టంగా తెలియాలి, అంతే. పలకాలని ఎక్కడా లేదు.

"పెద్దమ్మా, శనివారం గుడ్డ తీసేదెవరు?"

"నా కూతురి మొగుడు."

"నీకెంతమంది కూతుళ్లు?"

"ఒక్కతే."

"దానికి మొగుళ్లెంతమంది?"

"ఈ రోజు దాకా ఒక్కడే. రేపటి మాట దాన్నే అడుగు!"

నర్సు నవ్వుకు ట్యాబ్ ఊగింది.

"అయితే కాగితం మీద అతని పేరెక్కడుందో చూపించు."

కెటూరా వేలు సరిగ్గా అక్కడే ఆనింది. తర్వాత కిందికి జరిగి సంతకం గీసింది. సముద్రం మీద పడవలో కూర్చుని రాసినట్టు వంకరలు తిరిగింది గీత. రోవీనా దాన్ని పెద్దది చేసి చూసింది, మళ్లీ చూసింది. సిరా లేదు, అద్దుడు కాగితం లేదు. కానీ ఆ వేలు కదలడం తన కళ్లారా చూసింది. బయట సంతకం పెట్టించి తెచ్చే కాగితాలకు ఆ భాగ్యం లేదు.

'నిందితుడి పేరును వేలితో చూపించింది' అని పక్కన రాసి, మూడూ నలభైకి దాఖలు చేసింది.

బయటికొచ్చిన ఎనోస్ అడిగాడు: "అక్కా, ఆవిడ ఏమంది?"

"నీ పేరు తప్ప అన్నీ చెప్పింది."

అతను తృప్తిగా తల ఊపాడు. "బాడుకు శుక్రవారం విమానంలో సీటుందా?"