ఇరవై నాలుగు గంటల పరీక్ష

కంప్యూటర్‌ని దాని స్థాయికి మించిన వేగంతో పరిగెత్తించే పిచ్చివాళ్ళలో రెండు రకాలున్నారు. గంటసేపు ఒత్తిడి పెట్టి చూసి, నిలబడితే చాల్లే అని పనిలో పడేవాళ్ళు ఒకరకం. ఇరవై నాలుగు గంటలూ నిలబడితేగాని నమ్మనివాళ్ళు రెండోరకం. ఈ రెండు వర్గాలూ ఇంటర్నెట్‌లో రోజూ తిట్టుకుంటూ ఉంటాయి. నేను ఏడేళ్ళుగా ఒకే కప్పు కింద ఉంటున్నది రెండోరకం మనిషితో.

నాది లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగం. మోయాల్సిన దానికి పావువంతు ఎక్కువ బరువు వేసి, పైకీ కిందికీ తిప్పి, సంతకం పెట్టి ఇంకో భవనానికి వెళ్ళిపోతాను. మా ఔలు ఊళ్ళో సగం మంది నా సంతకం మీదే ఎక్కి దిగుతున్నారు. నాతో ఉండే ఇల్కా అలా కాదు. టీవీ కొనడానికి పదకొండు నెలలు ఆలోచించాడు. ఇక పెళ్ళి సంగతంటారా, నేను అడగలేదు, తను ఎత్తలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం రెండింటికి కొత్త కంప్యూటర్‌కి పరీక్ష మొదలుపెట్టాడు. ఆదివారం రెండింటిదాకా అది ఆపకుండా లెక్కలు చేస్తూనే ఉండాలి. మధ్యలో ఒక్క తప్పు దొర్లినా పరీక్ష పోయినట్టే. అది వేడెక్కకుండా బాల్కనీ తలుపు బార్లా తెరిచాడు. బయట సున్నాకి పంతొమ్మిది డిగ్రీల కింద ఉంది. కరెంటు ఊగుతుందని కరెంటు పొయ్యి వెలిగించొద్దన్నాడు, కాఫీ యంత్రం ముట్టుకోవద్దన్నాడు. చలి ఓర్చుకోవచ్చు. కాఫీ లేకుండా ఒక రోజంతా అంటే మా వైపు విడాకులకి సరిపోయే కారణం, కానీ విడాకులకి ముందు పెళ్ళవ్వాలి కదా.

ఆదివారం పదకొండింటికి వాళ్ళమ్మ హెల్వి వచ్చింది, అన్నం పెట్టి కాల్చిన రొట్టెలు పట్టుకుని. పెళ్ళి కాకపోయినా ఆవిణ్ణి అత్తయ్యా అనే పిలుస్తాను. కోటు విప్పబోయి, మా ఇద్దరి తలల మీదా ఉన్ని టోపీలు చూసి మళ్ళీ బొత్తాలు పెట్టుకుంది.

"కాఫీ ఏదీ?" అంది.

"రెండింటికి," అన్నాడు ఇల్కా, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. ఆ తెర తన వైపే తిప్పి పెట్టుకున్నాడు.

"నీ పురిటినాడు కూడా నాకు కాఫీ ఇచ్చారురా," అంది అత్తయ్య.

ఆ రోజు ఫిబ్రవరి ఇరవై తొమ్మిది. నాలుగేళ్ళకోసారి వచ్చే ఈ రోజున ఆడదే మగాణ్ణి పెళ్ళాడమని అడగడం మా వైపు ఆచారం. అడగాలనుకుంటే ఏ రోజైనా అడగొచ్చు, నిజమే. కానీ ఈ ఒక్కరోజు ఆడది అడిగితే సరదాకి అడిగినట్టుంటుంది, కాదన్నా నవ్వేసి ఊరుకోవచ్చు. మామూలు మంగళవారం అడిగి కాదనిపించుకునే గుండె నాకు లేదు. నాలుగేళ్ళ కిందట ఇదే రోజున నోటిదాకా వచ్చి మింగేశాను. ఇప్పుడూ మింగితే ఇంకో నాలుగేళ్ళు.

సరిగ్గా పన్నెండింటికి, చల్లారిన రొట్టె చేతిలో పట్టుకుని అడిగేశాను.

"ఇల్కా, నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

అత్తయ్య నమలడం ఆపేసింది. ఇల్కా నన్ను చూశాడు, తెర చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

"ఇది అవనీ," అన్నాడు. "ఇంకో రెండు గంటలు."

నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు వెనకే ఏడుపూ వచ్చింది. టోపీ కిందికి లాక్కున్నాను.

"ఒరేయ్," అంది అత్తయ్య నెమ్మదిగా, "ఈరోజు ఆడది అడిగితే కాదన్నవాడు లంగా గుడ్డ కొనివ్వాలి. ఆదివారం, బట్టల కొట్లు మూసేశారు. ఏం పెడతావో చూసుకో. ఆ కర్టెన్లు మాత్రం నేను కొన్నవి."

"కాదనలేదు కదమ్మా."

"అవుననీ అనలేదు. మీ నాన్నని నేను అడిగినప్పుడు కట్టెలు కోస్తున్నాడు. రంపం ఆపకుండానే సరేనన్నాడు."

ఒంటిగంటా నలభైకి అత్తయ్య లేచింది. వంటింట్లోకి నడిచి వెళ్ళింది. "అమ్మా, వద్దు," అని ఇల్కా అంటూ ఉండగానే కాఫీ యంత్రం మీట నొక్కింది. పాతకాలం పింగాణీ ఫ్యూజు ఠప్పుమంది. ఇల్లంతా ఆరిపోయింది. ఇరవై మూడు గంటలా నలభై నిమిషాలు గాలికి పోయాయి.

చిత్రమేమిటంటే ఇల్కా అరవలేదు. లేచి, సొరుగులోంచి ఫ్యూజు తీసి బిగించి వచ్చాడు. "పోనీలే," అన్నాడు. "ఇంకోరోజు చూద్దాం."

నాకు ఒళ్ళు మండింది. "ఇంకోరోజెందుకు? ఇప్పుడే మొదలెట్టు. మళ్ళీ ఇరవై నాలుగు గంటలు. రేపు మార్చి ఒకటి, నీకు ఏ గొడవా ఉండదు," అంటూ నేనే కంప్యూటర్ బొత్తాం నొక్కాను.

"సైలా, ముట్టుకోకు," అన్నాడు, మొహం ఎర్రబడింది.

అది తెరుచుకుంది. పరీక్ష తాలూకు చిట్టా పైకి వచ్చింది. చివరి వరస చదివాను. శనివారం, రెండూ పధ్నాలుగు. తప్పు దొర్లింది. పరీక్ష ఆగిపోయింది.

రెండుసార్లు చదివాను. "ఇది నిన్ననే పోయింది. పధ్నాలుగు నిమిషాలకే."

"ఏమిటీ?" అంది అత్తయ్య. "అయితే ఈ చలి, ఈ కాఫీ కరువు, ఇదంతా చచ్చిన మిషను కోసమా?"

"రాత్రంతా దాని ముందు కూచుని ఏం చూశావు?" అన్నాను.

ఇల్కా టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "ఈరోజు మా స్నేహితుడు పెట్టెరీతో మంచుకి కన్నం వేసి చేపలు పట్టడానికి వెళ్ళాలి. పరీక్ష పోయిందని తెలిస్తే లాక్కెళ్ళేవాడు. ఇల్లు కదలకుండా ఉండడానికి వేరే సాకు దొరకలేదు."

"ఇంట్లో ఏముందని?"

"పోయినసారి ఇదే రోజున నువ్వు నోరు తెరిచి మూసేశావు. నేను చూశాను. నాలుగేళ్ళూ అదే ఆలోచన. ఈసారి అడుగుతావేమోనని... అడిగితే ఇంట్లో ఉండాలి కదా. రాత్రంతా ఏం చెప్పాలో చెప్పుకుంటూ కూచున్నాను. తీరా నువ్వు అడిగేసరికి నోరు తిరగలేదు. ఇది అవనీ అని వచ్చేసింది."

కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు.

"మళ్ళీ అడుగు," అన్నాడు.

"అడగను. ఒకసారి అడిగాను. దానికే జవాబు చెప్పు."

ఏదో గొణిగాడు. అత్తయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "వినపడలేదు. నాకే వినపడకపోతే రేపు సాక్ష్యం ఎవరు చెప్తారు?"

ఇల్కా బాల్కనీలోకి నడిచాడు. దుకాణంలో కూడా గొంతెత్తి అడగలేని మనిషి, కమ్మీ పట్టుకుని వీధంతా దద్దరిల్లేలా అరిచాడు.

"పెళ్ళి చేసుకుంటున్నాను!"

కింద మంచు తోడుతున్న టిక్కనెన్ గారు పార ఆపి తలెత్తారు. కాసేపు ఆలోచించి, "ఎవరిని?" అన్నారు.

"సైలా మరియా కొస్కెలో అనే పిల్లని," అని అరిచాడు ఇల్కా, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తడబడకుండా. ఏడేళ్ళలో నా పేరు అంత గట్టిగా పిలవడం అదే మొదటిసారి.