ఎత్తలేక మోసిన గేటు

నేను ఒక వెదురు బొంగుని. కొండదారి మైదానంలోకి దిగే మలుపులో, అడవి చెక్‌పోస్టుకి గేటుగా ఏళ్ల తరబడి అడ్డంగా పడి ఉన్నాను. ఒక కొసన రాళ్ల బస్తా, రెండో కొసన తాడు. తాడు వదిలితే లేస్తాను, లాగి కట్టేస్తే పడుకుంటాను. ఈపాటి పనికి మనుషులు పెట్టుకున్న పేరు చట్టం.

అంతకుముందు నేనూ పొదలో ఒకణ్ణే. చెక్‌పోస్టు పెట్టిన రోజున అధికారులు జీపు దిగి, "గేటుకి ఏదైనా కర్ర చూడండి" అన్నారు. ఎదురుగా నేను కనబడ్డాను. ఎవర్నీ అడక్కుండా నరికేశారు. ఎరుపూ తెలుపూ పట్టీలు పూశారు. ఆ రంగు ఆరేసరికి, అడక్కుండా వెదురు నరికేవాళ్లని ఆపడం నా ఉద్యోగమైంది. మరి నన్ను నరకడానికి ఎవరు అనుమతిచ్చారని అప్పుడూ ఎవరూ అడగలేదు, తర్వాతా అడగలేదు. రంగు పడ్డాక అలాంటివి అడగడం మర్యాద కాదు కాబోలు.

నా దగ్గర చాలామంది కాపలా కాశారు. తాడు చేతికొచ్చిన ప్రతివాడికీ రెండో రోజుకల్లా మెడ బిగిసేది. నిన్నటిదాకా బస్సులో తోసుకుని ఎక్కినవాడే "రూలు రూలే" అనేవాడు. ఆ రూలు వాడి బావమరిది బండికి మాత్రం తగిలేది కాదు. దారి కాచి జనాన్ని ఆపే దొంగకీ, వీళ్లకీ తేడా ఏమిటా అని చాలాసార్లు ఆలోచించాను. ఖాకీ చొక్కా తప్ప ఏమీ తోచలేదు.

చుక్కా పోలినాయుడు వచ్చాకే నా ఆలోచన తప్పేమో అనిపించింది. మనిషి పొడుగు, మాట పొట్టి. రూలుని నిజంగా నమ్మినవాడు. సొంత అన్నగారు చీపుళ్ల మోపుతో వస్తే దాన్నీ విప్పించి చూశాడు. అన్నగారు అలిగితే, "అందరికీ ఒకటి కాకపోతే అది రూలెలాగవుతుంది?" అన్నాడు. ఆయన ఆ తర్వాత తమ్ముడితో మాట్లాడటం మానేశాడు. కొండవాళ్లు కూడా పోలినాయుణ్ణి తిట్టుకునేవారు. కానీ చెయ్యి చాపడు గనక, ఆ తిట్టేదేదో కాస్త మెత్తగా తిట్టేవారు.

ఆ ఎండాకాలంలో పైనించి కొత్త ఉత్తర్వు దిగింది. పచ్చి వెదురు ఏ రూపంలో ఉన్నా పర్మిట్ లేకుండా గేటు దాటకూడదు. రాసినవాడి మనసులో ఉన్నవి దొంగ లారీలు. కాగితం మీద మాత్రం మనసు ఎక్కలేదు, మాటలే ఎక్కాయి.

తొలకరి పడ్డాక ఒక మధ్యాహ్నం పైఊరినుంచి డోలీ దిగింది. కిల్లో దాసు, అతని తమ్ముడు మోస్తున్నారు. గుడ్డ ఊయలలో దాసు పెళ్లాం జమున. తొలికాన్పు, పొద్దుటినుంచీ నొప్పులు. వెనకాల దాసు తల్లి సొంబరి గొడుగు పట్టుకుని నడుస్తోంది. అంబులెన్సుకి ఫోన్ చేస్తే బండి ఇంకో ఊరు పోయిందన్నారట. ఆస్పత్రికి ఇంకా చాలా దూరం నడవాలి.

పోలినాయుడు గబగబా వచ్చి తాడు మీద చెయ్యేశాడు. అప్పుడు డోలీ కర్ర కంటబడింది. కణుపుల దగ్గర ఆకులింకా వేలాడుతున్నాయి. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఈ కర్రకి పర్మిట్ ఉందా?"

"డోలీ కర్ర కదా బాబూ" అన్నాడు దాసు. "పాతది విరిగిపోతే ఇది కొట్టినాం."

"పచ్చిది."

సొంబరి ముందుకొచ్చింది. "నా కోడలు దాటడానికి కాయితం అక్కర్లేదు గానీ, కర్ర దాటడానికి కావాలా గార్డుబాబూ?"

పోలినాయుడు రేంజర్ నరహరిశాస్త్రికి ఫోన్ చేశాడు. శాస్త్రి లా చదివినవాడు. ఆ సంగతి ఎవరూ అడక్కుండానే చెప్పేవాడు కూడా.

"ఏ రూపంలో ఉన్నా అని ఉత్తర్వులో ఉందా, లేదా?" అన్నాడు ఫోన్‌లో.

"ఉంది సార్."

"డోలీ ఒక రూపమా, కాదా?"

"రూపమే సార్. కానీ అందులో మనిషి ఉంది. నొప్పులు పడుతోంది. కాస్త బుద్ధి పెట్టి చూస్తే..."

"మనిషిని ఎవరాపమన్నారయ్యా? మనిషిని పంపించు. కర్ర అక్కడ పెట్టించు."

"కర్ర లేకుండా ఎలా వెళ్తుంది సార్?"

"అది ఉత్తర్వులో లేదు" అని రేంజర్ ఫోన్ పెట్టేశాడు.

జమున అరవడంలేదు. కొంగు పళ్ల మధ్య బిగించి పట్టుకుంది. పోలినాయుడు ఆమెను చూశాడు, తాడుని చూశాడు. వేళ్లు ఒక్కసారి సడలిస్తే చాలు. నేను లేస్తాను, వాళ్లు దాటుతారు, నేను మళ్లీ పడుకుంటాను. చూసేవాడు లేడు. అతనికి ముందు పనిచేసినవాళ్లలో ఎవడైనా ఒక కోడిపెట్టకి ఆ పని చేసేసి, మళ్లీ కునుకు తీసేవాడు. పోలినాయుడికి అది చేతకాలేదు. నోట్లో ఏదో గొణుక్కుంటున్నాడు. వింటే ఉత్తర్వు అది, మాట మాటా నెమరేస్తున్నాడు. "పచ్చి వెదురు... పచ్చి..." అంటూ నా వంక చూశాడు.

నేను ఎండి ఎన్నేళ్లయిందో.

రాళ్ల బస్తా విప్పి పడేశాడు. తాడు కోసేశాడు. నన్ను పీకి నేలమీద పెట్టి, "దీనికి కట్టండి" అన్నాడు. అన్నదమ్ములు ఊయలని నాకు మార్చి కట్టారు. పచ్చికర్రని కాపలా గుడిసె పక్కన బుద్ధిగా జప్తు చేసి పెట్టి వచ్చి, ముందు కొసకి పోలినాయుడే భుజమిచ్చాడు.

"గేటు ఎత్తడానికి భయపడి గేటునే మోస్తున్నాడు, చూడండర్రా" అంది సొంబరి వెనకనుంచి. అది వెక్కిరింపో మెచ్చుకోలో నాకు తెలియలేదు. అతనికీ తెలిసి ఉండదు. అన్నాళ్లూ మనుషుల్ని ఆపానే గానీ మనిషి బరువెంతో అప్పుడే తెలిసింది నాకు.

ఆస్పత్రిలో జమునకి మగపిల్లాడు పుట్టాడు. ఇంకాస్త ఆలస్యమైతే తల్లీ బిడ్డా దక్కేవాళ్లు కాదని నర్సమ్మ చెప్పింది. ఆ మాట విని దాసు ఏడ్చాడు. పోలినాయుడు మాత్రం గోడకి చేరబడి, చేతిలో ఫోన్‌ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత విచారణ. ప్రభుత్వ ఆస్తిని చోటు తప్పించాడు, చెక్‌పోస్టుని గేటు లేకుండా వదిలేశాడు. పట్నంనుంచి వచ్చిన విచారణాధికారి ముందు నన్ను బల్లకి ఆనించారు. గేటు లేని వేళలో అటు పోయినవాళ్లు గేటు దాటినట్టా, దాటనట్టా అని అధికారీ శాస్త్రీ తెగ వాదించుకున్నారు. ఎంత ఆనందంగా వాదించుకున్నారంటే, టీ చల్లారిపోయింది. పిల్లాడి గురించి ఇద్దరూ ఒక్క ముక్క అడగలేదు. చివరికి అధికారి పోలినాయుడి వైపు తిరిగాడు.

"ఒక్క నిమిషం ఎత్తి దించేస్తే పోయేది కదయ్యా. ఎవరికి తెలిసేది?"

"రూలు తప్పేది కదండీ."

"అందుకని గేటు పీకేస్తావా?"

"పీకకూడదని ఎక్కడా రాసి లేదండి."

"అన్నీ రాసి పెడతారా? కాస్త బుద్ధి వాడొద్దూ?"

పోలినాయుడు రేంజర్ వంక చూశాడు. "ఆ రోజు ఫోన్‌లో నేనూ అదే అడిగానండి."

శాస్త్రి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నెల తిరక్కుండానే పోలినాయుడి ఉద్యోగం పోయింది. చాటుగా రూలు తప్పినవాళ్లందరూ హాయిగా పింఛను పుచ్చుకుంటున్నారు. దాన్ని తుచ తప్పకుండా పాటించి, అదెంత వెర్రిదో పదిమందికీ చూపించినవాడు మాత్రం ఇంటికెళ్లాడు. చట్టం తనని తప్పినవాణ్ణి క్షమిస్తుంది. తన ముఖానికి అద్దం పట్టినవాణ్ణి క్షమించదు.

నా చోట ఇనుప గొట్టం వచ్చింది. నన్ను గుడిసె వెనక గోడకి ఆనించి వదిలేశారు. చెదపురుగులు నన్ను తీరిగ్గా తింటున్నాయి. వాటికి పర్మిట్ అక్కర్లేదు.

మొన్న సొంబరి మనవడికి పేరు పెడుతూ పోలినాయుణ్ణి పిలిచారు. ఆ వేడుక చూసుకుని కొండ దిగి వస్తున్నాడు. మనిషి కొంచెం తగ్గాడు. కొత్త కాపలావాడు అతన్ని గుర్తుపట్టి, బీడీ పారేసి, లేచి గేటు ఎత్తబోయాడు.

"నాకెందుకయ్యా ఎత్తడం? నడిచేవాణ్ణి" అన్నాడు పోలినాయుడు. "మోసుకొచ్చేవాళ్లకి ఎత్తు. ఎవర్నీ అడక్కు."

పోలినాయుడు నడుం వంచి, ఆ ఇనుప గొట్టం కిందనుంచి దూరి, దారమ్మట దిగిపోయాడు.