అన్నం అడుగున పిస్తోలు

మా కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చి మమ్మల్ని పనికి పిలిపించుకున్న అరబ్బు యజమానిని, మేం బాబా అనేవాళ్లం. ఎగైలాలో ఆయన ఇంట్లో నాది తోటపని, నా భార్య రెడ్డెమ్మది వంటపని. బాబాకు చిన్న పిస్తోలు ఉండేది. దానికి లైసెన్సు ఉంది. తెల్లటి పొడుగు అంగీ లోపల, నడుముకు కట్టుకుని, ఎవరికీ కనబడకుండా తిరిగేవాడు. అదంటే ఆయనకు మహా గర్వం.

ఒక రోజు ఇరాక్ సైన్యం ఆ దేశం మీద వచ్చి పడింది. ఎవరి దగ్గర తుపాకీ దొరికినా కాల్చేస్తామన్నారు. మా వీధిలో ఇళ్లు సోదా చేయడం మొదలైంది. ఆ పొద్దున ఇంటి యజమానురాలు, అమ్మ అనే అర్థంలో మేం మామా అని పిలిచే ఆమె, వంటింట్లోకి వచ్చింది. ఎన్నడూ రాని మనిషి. రెడ్డెమ్మను బయటికి పంపి, మాంసం వేసి వండిన అన్నం ఉన్న దబరా గిన్నెకు తానే మూత పెట్టి గుడ్డ కట్టింది. అర్దియాలో ఉండే బాబా చెల్లెలికి ఇచ్చి రమ్మని మా ఇద్దరినీ తరిమింది.

దారిలో ఒక సైనికుడు ఆపాడు. బక్కపల్చటి మనిషి. దబరా వైపు చూసి, వేళ్లు నోటి దగ్గర పెట్టి చూపించాడు.

"పాపం, తిని ఎన్నాళ్లయిందోబ్బా. రోంత పెడతా," అంది రెడ్డెమ్మ.

అతను ఇనుప టోపీ తిరగేసి పట్టాడు. ఆమె గుడ్డ విప్పి అన్నం పెట్టింది. మంచి ముక్క వెయ్యాలని చెయ్యి అడుగుదాకా పోనిచ్చింది. అక్కడే ఆగిపోయింది. మొహంలో నెత్తురు లేదు.

"లహమ్," అన్నాడు సైనికుడు. మాంసం కావాలని.

"లహమ్ ఖలాస్," అంది. మాంసం అయిపోయిందని.

అతను గొణుక్కుంటూ టోపీలో అన్నం తిన్నాడు. పొమ్మన్నాడు. సందు తిరిగాక ఆమె దబరా నేలమీద దించింది.

"అడుగున తుపాకి ఉండాదయ్యా! వాడు చెయ్యి పెట్టింటే నన్ను ఆడనే కాల్చింటాడు. లైసెన్సు ఆయప్పది, తల నాదా?"

వెనక్కి పోతే మళ్లీ అదే సైనికుడు. పళ్లు కొరుక్కుంటూ ముందుకే పోయి, అన్నంతో పాటు అదీ ఇచ్చేశాం. ఖాళీ దబరాతో తిరిగొచ్చి అడిగితే బాబా నవ్వాడు.

"పనిమనిషిని ఎవరు సోదా చేస్తారు?"

ఆ నవ్వు నాకు ఇప్పటికీ మంట.

ఇరాక్ వాళ్లు పోయాక, తుపాకులన్నీ అప్పజెప్పాలని సర్కారు చెప్పింది. బాబా ఒప్పుకోలేదు. లైసెన్సు ఉన్నవాణ్ణి, దాచి కట్టుకు తిరగడం నా హక్కు అని కోర్టుకెక్కాడు. పిస్తోలు పరాయి చేతికి పోయిందని తెలిస్తే కేసు పోతుందని వకీలు చెప్పాడట. అందుకని నన్ను సాక్షిగా పిలిచాడు.

"అది నా నడుము వదల్లేదని చెప్పు. ఇఖామా కొత్తది చేయిస్తా. చెప్పలేదో, ఖలాస్, ఊరికి పో."

ఇఖామా అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం, అది లేకపోతే మాకు బతుకు లేదు. రెడ్డెమ్మకు చెప్పాను. ఆమె దబరా తెచ్చి నా ముందు ఠంగుమని పెట్టింది.

"దీన్ని ఎత్తుకోని పో."

కోర్టులో మా మాటలు అరబ్బీలో చెప్పేందుకు కడప రసూల్ ఉన్నాడు. నా చంకలో దబరా చూసి చెవిలో అన్నాడు.

"ఏందన్నా, జడ్జికి బువ్వ తెచ్చినావా?"

"బువ్వ కాదు. చెప్పు రసూలూ, ఉన్నదున్నట్టు చెప్పు. పిస్తోలు ఆయప్ప నడుములో లేదు. ఈ దబరాలో ఉండె. నా పెండ్లాం మోసింది. తెలీకుండా మోసింది!"

"నీ పని గోవిందా అన్నా."

"కానీ. చెప్పు!"

రసూల్ చెప్పగానే బాబా లేచి అబద్ధమని అరిచాడు. జడ్జి దబరాను ముందు పెట్టించుకుని, సోదాల రోజు పిస్తోలు ఎక్కడుందని ఆయననే అడిగాడు. బాబా పరువు గురించి చాలాసేపు మాట్లాడాడు. ఎక్కడుందో మాత్రం చెప్పలేదు.

పిస్తోలు సర్కారుకు పోయింది. బాబా మమ్మల్ని విమానం ఎక్కించేశాడు.

"దబరా యాడ?" అంది రెడ్డెమ్మ విమానంలో.

"కోర్టులో పెట్టుకున్నారు."

"పెట్టుకోనీ. ఎన్నిసార్లు తోమినా నా చేతికి ఆ ఇనుమే తగుల్తాండె."