ఎనిమిదో తారీఖు లోపల

మా కంప్యూటర్‌లోని విండోస్ ఎక్స్‌పీ బందవుతుందని ఉదయ్ చెప్పగానే నాకు ముందు కోపమే వచ్చింది. నడుస్తున్న కంప్యూటర్‌ని ఎక్కడో కూర్చుని ఎవరో బంద్ పెట్టడమేమిటి? తెలంగాణ కోసం మెదక్‌లో ఇన్నేళ్లూ బందులే చూశాం. బస్సులు బంద్, బడులు బంద్, దుకాణాలు బంద్. రాష్ట్రం ఇస్తున్నారని తేలాక కూడా ఇంకో బంద్ మిగిలిందని నేననుకోలేదు.

"బందు గాదక్కా, నడుస్తది. గని ఏప్రిల్ ఎనిమిది తర్వాత కంపెనోళ్లు దాన్ని పట్టించుకోరు. వైరస్ వొస్తే మన తిప్పలు మనవే. కొత్త విండోస్ ఎక్కించుమంటుండ్రు. ప్రెస్సోళ్లు గూడ యే కంప్యూటర్‌ల తెరిసినా కనవడే యూనికోడ్ అక్షరాలల్ల పంపుండ్రి అంటుండ్రు," అన్నాడు ఉదయ్. మా డీటీపీ సెంటర్ యజమాని అతనే. నాకంటే చిన్నవాడు.

"మరి మన లాక్?"

ఉదయ్ కంప్యూటర్ వెనక్కి వంగి చూశాడు. లాక్ అంటే కంప్యూటర్ వెనక గుచ్చి ఉండే అగ్గిపెట్టెంత డబ్బా. అది ఉంటేనే మా పాత తెలుగు సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొత్త విండోస్‌లో ఆ లాక్ పనిచేయదు, దానితో వచ్చిన కీబోర్డు అక్షరాల వరసా ఉండదు. పదహారేళ్లుగా ఇక్కడ పెళ్లి కార్డులు, చర్చి పత్రికలు, ఉద్యమం కరపత్రాలు, అన్నీ నా వేళ్ల మీదుగానే పోయాయి. కీబోర్డు వంక చూసి ఎరగను. నలభై మూడేళ్లొచ్చాక మళ్లీ ఒక్కో అక్షరం వెతుక్కోవాలా?

"నీకు తెల్వనిదేమున్నదక్కా. మార్చుమంటె మారుస్త, వద్దంటె వద్దు. సోమవారం పొద్దుగాల చెప్పు," అన్నాడు.

పెద్ద మర్యాదే చేశాడు. నా ఉరితాడు నన్నే పేనమన్నాడు.

ఆ వారమే కావ్య అనే డిగ్రీ పిల్ల పని అడగడానికి వచ్చింది. ఉదయ్ లాప్‌టాప్ మీద వడగళ్లు పడ్డట్టు తెలుగు టైప్ చేసి చూపించింది. "మళ్ల చెప్త," అని పంపాడు ఉదయ్. ఆ 'మళ్ల' ఎప్పుడో నాకు తెలియదా?

ఆ రోజు ఇంటికి పోయి, చెడిపోయిన పెళ్లి కార్డు వెనక కొత్త కీబోర్డు అక్షరాల వరస గీసుకున్నాను. పొయ్యి పక్కన పెట్టుకుని వేళ్లు ఆడించాను. త కుడిచేతి వైపు. ఎత్వం ఎడమచేతి కింద మూల. ణ కావాలంటే షిఫ్ట్ నొక్కాలి. పప్పు మాడింది గానీ వేళ్లు పాత చోటు వదల్లేదు. భయమేసింది. ఇద్దరు పిల్లల చదువులు ఈ వేళ్ల మీదే ఉన్నాయి. వద్దనే చెప్పాలని తేల్చుకున్నాను.

శనివారం కౌడిపల్లి నుంచి ఒకాయన పెన్‌డ్రైవ్ తెచ్చాడు. పెట్టగానే తెర ఓసారి మినుకుమంది, ఆదివారం ఆరాధనకు చేసిపెట్టిన చర్చి పత్రిక ఫైలు మాయమైంది. నీళ్లు కూడా తాగకుండా మళ్లీ మొత్తం కొట్టాను. ఉదయ్ పక్కన కూర్చుని తప్పులు దిద్దిపెట్టాడు. తిట్టినా బాగుండేది.

సోమవారం నేను వెళ్లేసరికి ఉదయ్ ఇంకా రాలేదు. గుమ్మం దగ్గర కుర్చీలో వాళ్ల నాన్న సొలొమోను సార్ కార్డులు మడత పెడుతున్నారు. సీసపు అక్షరాలు కూర్చిన రోజుల్లో ఆయన చేతికి ఎదురు లేదట. కంప్యూటర్ వచ్చిన ఏడాదే నేను పనిలో చేరాను.

"సార్, అప్పుడు కంప్యూటర్ వొస్తె మీకు భయం గాలేదా?"

"ఎందుకు గాలే? మూడు దినాలు జ్వరమొచ్చింది."

"కంప్యూటర్‌ను జూసా?"

"అదేం జేస్తది బిడ్డా? నిన్ను జూసి," అని నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. అప్పట్లో ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్క వేలితో అక్షరాలు వెతుకుతుంటే వెనక నిలబడి గాజులు గలగలలాడించేదాన్ని, ఇక లేవండి అన్నట్టు. ఒకనాడు లేచారు. మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు. అది తప్పని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నాకు తోచలేదు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"మరి గప్పుడు కంప్యూటర్ ఎందుకు వద్దనలే?"

"నేనే గద కొన్న! లేకుంటె దుకాణం ఉండునా?" ఆయన ఇంకో కార్డు తీసుకున్నారు.

ఉదయ్ రాగానే ఇంకో ఆలోచన రాకముందే చెప్పేశాను. "మార్చు తమ్మీ. గా కావ్యను గూడ పిలువు, నాకు నేర్పిస్తది. గని కుర్చీల నుంచి నేను లేవ."

ఆ రాత్రే ఉదయ్ కొత్త విండోస్ ఎక్కించాడు, కావ్య కూడా పనిలో చేరింది. మర్నాడు, ఎనిమిదో తారీఖున, మొదటి గిరాకీ రేగోడ్ రైతు సంఘం కార్యదర్శి ఐలయ్య. జూన్ రెండున రాష్ట్రం వస్తుంది కాబట్టి సంఘానికి కొత్త లెటర్‌హెడ్ కావాలట. పైన పెద్దక్షరాలతో 'తెలంగాణ రాష్ట్రం' అని ఉండాలి.

త దొరికింది. ఎత్వం కోసం మూడు తప్పులు కొట్టాను. ల దగ్గర ఆగాను, సున్న దగ్గర ఆగాను. 'తెలంగా' వరకు వచ్చేసరికి ఐలయ్య చాయ్ కూడా అయిపోయింది. వెనక గాజుల చప్పుడు వినిపించింది. నేను వెనక్కి తిరగలేదు.

"నేను కొట్టాల్నా ఆంటీ?" కావ్య చెయ్యి ముందుకొచ్చింది.

"ఉండనియ్ బిడ్డా," అన్నాడు ఐలయ్య. "గీ మాట కోసం అరవై ఏండ్లు ఆగినం. ఇంకొక్క అక్షరానికి ఆగమా?"

గుమ్మం దగ్గర సొలొమోను సార్ మడత ఆపి ఇటే చూస్తున్నారు. నేను షిఫ్ట్ నొక్కిపట్టి, ణ కోసం వెతికాను.