నీళ్లు తగలకూడని చీర

మిల్లు పట్టు కోసిగికి వచ్చిన కొత్తల్లో జరిగింది ఇది. నేతగాడు ఉరుకుందప్ప సంతలో ఎవడో వర్తకుడు పట్టని అంటగడితే నమ్మి దారం తెచ్చాడు. మెరుపు, చెప్పొద్దూ, కళ్లు చెదిరేది. చీర సగం నేశాక, భార్య గురమ్మ తెగిన పోగొకటి పొయ్యిలో పడేసింది. పట్టంటే పురుగు ఒంట్లోంచి వచ్చేది, కాలితే వెంట్రుక కాలిన కంపు రావాలి. ఇది కాగితంలా కాలి బూడిదైంది. ఇంకో పోగు తడిచేత్తో పట్టుకుంటే పుటుక్కున తెగింది. నూలు పోగైతే తడిస్తే ఇంకా గట్టిపడుతుంది.

ఉరుకుందప్ప ఆరాలు తీసి వచ్చి తల పట్టుకున్నాడు. “చెక్కను ఉడకబెట్టి తీస్తారంట ఈ దారం. నన్ను ముంచినారు మే. ఇప్పుడు నోరిప్పితే మన మగ్గం ముందరికి ఎవరొస్తారు?”

ఆ చీరనే పట్టని చెప్పి పెద్దింటి మహాదేవమ్మకు అమ్మాడు. “నీళ్లు తగలనీయద్దు తల్లీ, మెరుపు పోతాది,” అన్నాడు. అబద్ధానికి ఎంత జాగ్రత్త! గురమ్మ గుంజ పట్టుకొని అంతా వింది, పల్లెత్తు మాట అనలేదు. ఆనాటినుంచి ఆమెకు తిన్నది ఒంటబట్టలేదు.

ఆ ఎండాకాలం మహాదేవమ్మ అదే చీర కట్టుకొని, మనవరాలు గంగాదేవితో పెళ్లికి పోయి వస్తూ, నీళ్లు తాగడానికి నేతగాళ్ల బావి దగ్గర ఆగింది. పిల్ల చిన్నది, ఒకచోట నిలవదు. బావిలోకి తొంగిచూసి జారింది. కేక విని మగ్గం మీదినుంచి లేచొచ్చిన ఉరుకుందప్ప వెనకాముందూ చూడకుండా దూకాడు. పిల్ల చేతికి దొరికింది. కానీ ఆ నిలువు గోడకు మెట్లెక్కడివి? చేదతాడు వేసి లాగబోతే, ఎండకు చివికిన కిత్తనార తాడది, నడిమికి తెగిపోయింది.

“చీరలు ముడేయండి!” అని అరిచాడు పొరుగింటి హనుమన్న.

ఆడవాళ్లు ఇళ్లలోకి పరిగెత్తి చీరలు తెచ్చారు. చాలలేదు. మహాదేవమ్మ ఎవరిదో కంబళి కప్పుకొని తన చీర విప్పి ఇచ్చింది. “పట్టు శానా గట్టిది. నాది అడుగున కట్టప్పా. బిడ్డ ఒంటికి మెత్తగుంటాది.”

గురమ్మ ఒక అడుగు ముందుకేసి ఆగిపోయింది. చెప్తే, నీళ్లలో పిల్లను మోస్తున్న మగణ్ణి దొంగని తానే చాటినట్టు. ఊరంతా మొహాన ఉమ్ముతుంది, మగ్గం మూలబడుతుంది. చీరల తాడు సరసరా దిగింది. మెరిసే కొంగు నీళ్లకు ఆనింది. ఉరుకుందప్ప దాన్ని అందుకున్నాడు. ఆయనే చెప్తాడని గురమ్మ చెవులు రిక్కించింది. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి తాడు కదిలింది, లాగమని సైగ.

“లాగొద్దప్పా!” గురమ్మ పోయి హనుమన్న చేతుల మీద పడింది. “అది పట్టు కాదు. మేమే పట్టని అమ్మినాము. తడిస్తే తెగుతాది, బిడ్డ సచ్చిపోతాది!”

తన ఇంటి నేతను దొంగ నేతని ఏ ఆడది ఊరికే అంటుంది? హనుమన్న తాడు వదులు చేసి, పిల్లను విప్పమని కిందికి కేకేశాడు. ఉత్త తాడును పైకి లాగుతుంటే మహాదేవమ్మ చీర బావి రాతికి తగులుకుంది. ఒక్క గుంజుకు చినిగి, సగం నీళ్లలోకే పోయింది. గురమ్మ ఇంట్లో ఉన్న ముతక నూలు చీర తెచ్చి, చివరన తన చేత్తోనే ముడేసింది.

పిల్ల పైకొచ్చింది, నీళ్లు కక్కి ఏడ్చింది. మహాదేవమ్మ దాన్ని గుండెలకు అదుముకొని, చినిగిన చీరనూ గురమ్మనూ చూసింది. “కనబడినప్పుడంతా నవ్వుతా పలకరిస్తివి గదే నన్ను!” అని వెళ్లిపోయింది.

చివరికి ఉరుకుందప్ప పైకొచ్చాడు. అందరూ తలోదిక్కూ పోయాక బావిగట్టున కూలబడ్డాడు.

“కొంగు చేతికి రాంగానే తెలిసింది మే. తెలిసే బిడ్డ నడుముకు కట్టినా. నోరు రాలే.”

“నాకూ రాలే, సీర నీళ్లకు ఆనిందాకా,” అంది గురమ్మ.

అంది గానీ ఆయన పక్కన కూర్చోలేకపోయింది. తెగుతుందని తెలిసిన ఆ చీరనే ఆ చేతులు పిల్లకు ఎంత పదిలంగా ముడేసి ఉంటాయో ఆమెకు తెలుసు. బావి గోడకు తల ఆనించి భోరున ఏడ్చింది.