గడప అవతల సారయ్య

కోరుట్లలో రజిత కంప్యూటర్ ముందు కూసున్నదంటే పెండ్లి పందిరి లేచినట్టే. జగిత్యాల, సిరిసిల్ల అనకుండ ఏ స్టూడియోవాడు తీసిన పెండ్లయినా ఆఖరికి ఎడిటింగ్‌కు ఆమె చేతికి రావాల్సిందే. ఊగిన కెమెరాను నిలబెట్టేది. ఏడుపు రాని పెండ్లికూతురిని వలవల ఏడిపించేది. ఒకసారి ముత్యంపేట పెండ్లిలో గాలివానకు పందిరి కూలిపోతే, రజిత ఆ పందిరిని ఒక్క చేత్తో లేపి, తడిసిన ఊరునంతా సాయంత్రానికల్లా ఆరబెట్టింది. ఆ వీడియో చూసి, తడిసినోల్లే మేము తడువలేదని వాదించిండ్రు.

పొద్దున వంటపని కాంగనే ఆమె రెండరింగ్ పెట్టేది, అంటే ముక్కలన్నీ కలిపి ఒక్క వీడియో చేసే పని. పెట్టంగనే పెండ్లోల్లంతా కంప్యూటర్‌లోంచి దిగి హాల్లో కూసునేటోల్లు. అత్త మొగిలవ్వ అప్పటికే చాపలు పరిచి ఉంచేది. వాళ్లు తినరు, తాగరు, మాట్లాడరు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు లేచి, వీడియోలో చేసిన పనే మళ్లోసారి చేసి కూసుంటరు. పని ఒడవంగనే లేచి ఫైల్లోకి పోతరు. మొగిలవ్వ అక్షింతలు ఊడ్చి కోళ్లకు వేస్తది.

"ఇయ్యాల ఎవలొచ్చిండ్రే అవ్వా?" అని పక్కింటి బాలలక్ష్మి కిటికీలోంచి అడిగేది.

"సిరిసిల్ల ప్రకాశ్ తీసిన పెండ్లట. మగోల్లంతా ఫ్యాన్ కిందనే కూసున్నరు. ఇదివరకు గింత కంపు లేకుండె బాలమ్మా, గీ హెచ్‌డీ వచ్చినంక చెమట వాసన గూడ సాఫ్‌గ వస్తున్నది."

ఆ పెండ్లి కథలాపూర్ సారయ్య బిడ్డ రాధికది. పిల్లను వెల్గటూర్ ఇచ్చిండ్రు. సారయ్య ఒకప్పుడు తాళ్లెక్కి కల్లు గీసినోడు. ఆయన ఎక్కితే చెట్టే కిందికి దిగినట్టు కనబడేదట, అంత వేగం. ఇప్పుడు రియాద్‌లో కూలిపని. బిడ్డ పెండ్లికి సెలవు దొరకలే.

ఇట్లాంటి తండ్రుల కోసం ఈ దిక్కు ఫొటోగ్రాఫర్లు ఒక పద్ధతి పెట్టుకున్నరు. అప్పగింతలప్పుడు తల్లి పక్కన ఒక మనిషి పట్టేంత జాగ వదిలిపెట్టి తీస్తరు. పెండ్లికూతురు ఆ ఖాళీ జాగకే వంగి మొక్కుతది. తండ్రి అక్కడ గల్ఫ్‌లో కూలీల క్యాంపు రూములో ఆకుపచ్చ దుప్పటి ముందు నిలబడి, చేతులు చాపి, ఫోన్‌లో వీడియో తీసి పంపిస్తడు. పచ్చదనం తుడిచేసి, తండ్రిని తెచ్చి ఆ ఖాళీలో నిలబెట్టుడు రజిత పని. సారయ్య నడుము దాకనే తీసి పంపిండు. మిగిలింది తల్లి చీర కొంగు వెనక దాగుతదని రజిత అట్లనే అతికించింది.

రెండరింగ్ అప్పగింతల దాకా నీళ్లలెక్క పోయేది. అక్కడికి రాంగనే తెర నీలమయ్యి కంప్యూటర్ ఆగిపోయేది. హాల్లో ఉన్న జనమంతా ఫట్టున మాయం.

రజిత ఊకున్న మనిషా? కంప్యూటర్ డబ్బా విప్పి దుమ్ము ఊదితే ఆ దుమ్ముకు వీధి చివర ఉన్నోల్లు గొడుగులు తీసిండ్రు. జగిత్యాల పోయి ప్రాసెసర్‌కు కొత్త పేస్ట్ తెచ్చి రాసింది. ర్యామ్ మార్చింది, డ్రైవర్ సాఫ్ట్‌వేర్ పాతది వేసింది, గ్రాఫిక్స్ కార్డును పక్కన పెట్టి చూసింది. వాట్సాప్‌లో వచ్చిన సారయ్య ముక్కను వేరే ఫార్మాట్‌లోకి మార్చింది. పెండ్లిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను విడిగ నడిపింది. అన్ని ముక్కలూ బయటపడ్డయి, అప్పగింతల ముక్క తప్ప. డబ్బా వేడికి గోడ మీది బల్లి అప్పడం లెక్క ఎండింది గాని, ఫలితం లేదు. సారయ్యను తీసేస్తే మాత్రం సాఫీగా పూర్తయింది.

ప్రకాశ్ ఫోన్ చేసిండు. "అక్కా, పిల్ల అత్తగారోల్లు వీడియో కోసం పానం తీస్తున్నరు. నాయిన ముక్క తీసేసి ఇచ్చెయ్యి."

"తీసేస్తే ఆ పిల్ల ఖాళీకి మొక్కినట్టు ఉంటది గదా తమ్మీ."

"ఆయన పెండ్లికి రాలే. వీడియోలో గూడ లేకుంటే ఏమైతది?"

"పెండ్లికి రానందుకే వీడియోలో ఉండాలె. రేపు పొద్దున దాకా ఆగు" అన్నది రజిత.

తెల్లారి మళ్ల పెట్టింది. జనం దిగి చాపలు నింపిండ్రు. అప్పగింతల వేళకు రాధిక లేచి వాకిలి దిక్కు చూసుకుంట నిలబడ్డది. గడప అవతల ఎప్పటిలెక్కనే సారయ్య ఉన్నడు, చేతులు ముందుకు చాపి. లోపలికి వస్తలేడు. మొహమాటమేమో అని రజిత ఇన్ని దినాలు అనుకున్నది.

మొగిలవ్వ వచ్చినోల్లకు కాళ్లు కడుక్కోనీకి చెంబుతో నీళ్లిచ్చే మనిషి. చెంబు పట్టుకొని వాకిట్లకు పోయింది, అక్కడే ఆగింది.

"రజితా, గీయనకు కాళ్లెక్కడియే? నడుము కాడికే ఉన్నడు. గడప ఎట్ల దాటుతడు?"

తెర నీలమయ్యింది.

రజిత అప్పుడే రియాద్‌కు ఫోన్ కలిపింది. "కాకా, నీ కాళ్లు తీసి పంపాలె. పాదాల దాకా, నిలబడి, రెండడుగులు నడువు."

"కాళ్లెందుకు బిడ్డా? ముఖం కనబడితే చాలు."

"కాళ్లు లేక నువ్వు లోపటికి వస్తలేవు. నిన్ను తీసెయ్యమంటున్నరు."

సారయ్య ఫోన్ పెట్టేసిండు. తర్వాత వీడియో వచ్చింది. ఎడమకాలు బాగనే ఉన్నది. కుడికాలుకు తువ్వాల పేలిక చుట్టి ఉన్నది. దానిలోంచి బయటికొచ్చిన వేళ్లు నల్లబడ్డయి. వెనుకనే ఆయన మాట వచ్చింది: "షుగర్ పుండు బిడ్డా. పనికి తీస్కోరని ఎవ్వలికి చెప్పలే. ఆ కాలు మీద ఏదన్న కప్పు. రాధికకు తెలువద్దు, అత్తగారింట్ల కొత్తగ ఉన్నది."

కప్పుడు రజితకు ఎంత పని? ఎడమకాలును తిరగేసి కుడికాలుగ అతికించింది. చూస్తే డాక్టరు గూడ గుర్తుపట్టడు, అంత నున్నగ. రెండరింగ్ పెట్టింది. సారయ్య వాకిట్లోకి వచ్చిండు, గడప మీద కాలు పెట్టిండు. రెండూ ఒకే కాలు అయితే మనిషి ఎట్ల నడుస్తడు? తూలి, తలుపు పట్టుకోబోయి పడ్డడు. తెర నీలమయ్యింది.

"ఉన్న కాలే పెట్టు" అన్నది మొగిలవ్వ.

"దాచుమన్నడు అత్తా. పాపం, బతిమాలిండు."

"నడువనియ్యి ముందుగాల."

కాలు చూపిస్తే ఆయనను మోసం చేసినట్టయితదేమో అనుకున్నది రజిత. దాస్తే ఆయన బిడ్డ దగ్గరికి రానే రాడు. ఆఖరికి పేలిక చుట్టిన కాలే పెట్టింది.

ఈసారి సారయ్య కుంటుకుంట వచ్చిండు. మొగిలవ్వ నీళ్లు పోసింది. పేలిక తడవకుండ చూసి పోసింది. ఆయన గడప దాటి, జనం నడుమ నుంచి నడిచి, భార్య పక్కన తనకోసం వదిలిన జాగలో నిలబడ్డడు. రాధిక వీడియోలో చేసినట్టే వంగి మొక్కింది. లేవాల్సిన వేళకు లేవలే. రెండు చేతులతో పేలిక చుట్టిన ఆ పాదం పట్టుకొని అట్లనే ఉండిపోయింది. రజిత తెర దిక్కు చూసింది. కంప్యూటర్ ఆగలే. ఫ్యాన్ చిన్నగ తిరుగుకుంట పని పూర్తి చేసింది. జనం లేచి పోయిండ్రు.

ఫైల్ ఇంకా సిరిసిల్లకు పంపనే లేదు, ఫోన్ మోగింది. వెల్గటూర్ నుంచి రాధిక.

"అక్కా, బియ్యం కడుగుతుంటే నా చేతికి పుండు వాసన వచ్చింది. ఎంత కడిగినా పోతలేదు. అది మా బాపు కాలు వాసన. ఆయనకేమైంది?"

రజిత అబద్ధమాడలే.

ఆ తర్వాత రాధిక ఎవరెవరికి ఫోన్లు చేసిందో గాని, రియాద్‌లోని కథలాపూరోల్లంతా క్యాంపుకు కదిలిండ్రు. సారయ్య వద్దంటుంటెనే ఆయన సంచి సర్ది విమానం ఎక్కించిండ్రు. జగిత్యాల దవాఖానలో కుడికాలు వేళ్లు తీసేసిండ్రు. ఇంకొన్ని దినాలైతే మోకాలు దాకా పోయేదని డాక్టరు అన్నడు.

రజిత చూడపోయింది. సారయ్య గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

"కప్పుమన్న గదా బిడ్డా. కొలువు పోయింది. ఇప్పుడేం పని చేస్త?"

"కప్పి చూసిన కాకా. నువ్వు పడిపోయినవ్."

బయట మందుల బండి చప్పుడు పోయింది, వచ్చింది. సారయ్య గోడ దిక్కే చూసుకుంట అడిగిండు.

"వీడియోల నేను ఎట్ల ఉన్న?"

"నడుచుకుంట వచ్చినవ్."

"అందరు చూసిండ్రా?"

"అందరు జరిగి తొవ్వ ఇచ్చిండ్రు."

సారయ్య కట్టుగట్టిన కాలును రెండు చేతులతో ఎత్తి, మెల్లగ పక్కకు జరుపుకొన్నడు. మంచం మీద ఒక మనిషి పట్టేంత జాగ అయింది.

"కూసో బిడ్డా" అన్నడు.